కళాశాల మహిళా ఫుట్‌బాల్ శిక్షకుడు – ఒక వృత్తి పరిశీలన

విద్య అనగానే తరగతి గది, పాఠ్యగ్రంథం, పరీక్షాపత్రం మన మనస్సులో మెదలుతాయి. మైదానంలో నిలబడి పాఠం చెప్పే గురువు కూడ ఒకరున్నారని సాధారణంగా తలచము. అమెరికా విశ్వవిద్యాలయాలలో మహిళా ఫుట్‌బాల్ జట్టుకు ప్రధాన శిక్షకుడుగా ఉండుట పూర్తికాలపు ఉద్యోగం. జీవితమంతా వెచ్చించదగిన వృత్తి. మన హైదరాబాదు నగరంలో, అందునా హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాలలో, విద్యాసంస్థలు అనేకం వెలిశాయి. పెద్ద క్రీడా మైదానమూ ఉన్నది. అయినా ఈ వృత్తి మన కళాశాలలలో వేరూనలేదు. ఈ వృత్తి స్వభావమేమిటి, దానికి మన కళాశాలలలో చోటు కల్పించుటకు ఏమి కావలెను అను విషయాలను విచారించుట ఈ వ్యాసం ఉద్దేశం.

మన నగరపు ఉదాహరణ

ఫుట్‌బాల్ శిక్షణ మనకు కొత్త విద్య కాదు. భారతదేశం గర్వించదగిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదువారే. 1909లో జన్మించిన రహీం సాహెబు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఉపాధ్యాయ వృత్తిని చేపట్టారు. కాచిగూడ, ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది క్రీడల బాధ్యతను స్వీకరించారు.

ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోని భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకాలు సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. ఈ విజయాల నడుమ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఘోర పరాజయమూ ఉన్నది. ఆనాడు మన ఆటగాళ్ళలో పలువురు బూట్లు లేకుండానే ఆడారు. ఆ ఓటమి తరువాత కూడ రహీం బాధ్యతను కొనసాగించారు. నాలుగేళ్ళలో జట్టును ఒలింపిక్ సెమీఫైనల్‌కు చేర్చారు. క్యాన్సర్ వ్యాధి పీడిస్తున్నప్పటికీ జకార్తా విజయానికి సారథ్యం వహించి, 1963 జూన్‌లో కన్నుమూశారు.

ఆయన బోధనా పద్ధతి విద్యార్థులు గమనించదగినది. బలహీనమైన పాదంతోనే బంతిని తన్నవలెనను నియమంతో ఆయన పోటీలు నడిపించేవారు. బంతిని డ్రిబుల్ చేయరాదని, వెంటనే తోటివానికి అందించవలెనని మరికొన్ని పోటీలలో నియమం ఉండేది. కఠినమైన విద్యను చిన్న చిన్న పాఠాలుగా విభజించి నేర్పుట ఉపాధ్యాయుని లక్షణం. రహీం బడిలో చేసిన పనినే మైదానంలోనూ చేశారు.

కళాశాల జట్టు, నలభై ఐదు సంవత్సరాల సేవ

రహీం శిక్షణ పురుషుల జట్లకు పరిమితమైనది. కళాశాల మహిళల జట్టుకు శిక్షకుడుగా జీవితకాలం గడిపినవారిని చూడవలెనంటే అమెరికా వైపు దృష్టి సారించవలెను. ఆ దేశంలో 1972లో చేసిన ఒక శాసనం, ‘టైటిల్ నైన్’గా పేరుపడినది, ప్రభుత్వ ధనసహాయం పొందే విద్యాసంస్థలలో స్త్రీపురుష వివక్షను నిషేధించింది. క్రీడలకు కూడ ఆ శాసనం వర్తించుటచే విశ్వవిద్యాలయాలు మహిళా జట్లను ఏర్పాటు చేయసాగాయి.

ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయం 1979లో మహిళా ఫుట్‌బాల్ జట్టును ప్రారంభించి, దానిని ఆన్సన్ డోరెన్స్‌కు అప్పగించింది. 1951లో ఆయన జన్మించినది మన బొంబాయి నగరంలో కావటం విశేషం. ఆయన శిక్షణలో ఆ జట్టు 1981 మొదలుకొని మొత్తం 22 పర్యాయాలు జాతీయ విజేతగా నిలిచింది. 1986 నుండి 1994 వరకు ఆయన అమెరికా మహిళా జాతీయ జట్టుకు కూడ శిక్షకుడు. 1991లో చైనాలో జరిగిన మొట్టమొదటి మహిళా ప్రపంచ కప్పు పోటీలలో ఆ జట్టు నార్వేను 2–1 తేడాతో ఓడించి కప్పు గెలిచింది. సుప్రసిద్ధ క్రీడాకారిణి మియా హామ్ ఆయన శిష్యురాలే.

సాధనలో జరిగే ప్రతి చిన్న పోటీకి మార్కులు వేసి, స్థానాలను అందరికీ కనిపించేలా ప్రకటించుట ఆయన పద్ధతి. ఎవరి శ్రమ ఎంతటిదో వారికే తెలియుటచే పక్షపాతమను మాటకు తావు తగ్గేది. 2024 ఆగస్టులో ఆయన విరమించారు. ఆ సంవత్సరమే వారసుడైన డేమన్ నహాస్ ఆధ్వర్యంలో ఆ జట్టు మరల జాతీయ విజేత అయినది. శిక్షకుడు వెళ్ళినా శిక్షణ నిలిచినది, సంప్రదాయమనగా ఇదియే.

అయితే ఈ జీవితానికి మరొక పార్శ్వం కూడ ఉన్నది. 1998లో ఇద్దరు పూర్వ క్రీడాకారిణులు ఆయన అనుచిత సంభాషణలపై న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. వ్యాజ్యాలు రాజీతో ముగిశాయి. 2008లో ఆయన లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పారు. జట్టులో ఎవరు ఆడవలెనో నిర్ణయించే అధికారం గలవారి మాటకు హద్దు ఉండవలెను. ఫిర్యాదు వినుటకు శిక్షకునితో సంబంధం లేని వ్యక్తులు ఉండవలెను. మన దేశంలో 2013 నాటి చట్టం ఇందుకై అంతర్గత కమిటీలను విధించింది. ఆ కమిటీ పరిధి ఆటస్థలం వరకు విస్తరించునని కళాశాల పాలకవర్గం విద్యార్థినులకు స్పష్టంగా తెలియజేయవలెను.

శిక్షకుని విధులు

ప్రధాన శిక్షకుని పని ఆట జరిగే తొంభై నిమిషాలకే పరిమితం కాదు. క్రీడాకారిణుల ఎంపిక, సంవత్సరపు సాధన ప్రణాళిక, ప్రత్యర్థుల పరిశీలన, చదువుకు ఆటకు పొత్తు కుదుర్చుట, తల్లిదండ్రులతో సంప్రదింపు, ఇవన్నీ ఆ వృత్తిలోని భాగాలు. మన దేశంలో ఈ వృత్తికి ‘డి’ లైసెన్సుతో మొదలై ‘సి’, ‘బి’, ‘ఎ’, ‘ప్రో’ అను మెట్లు కలవు.

మహిళా జట్టును నడిపేవారికి మరికొంత జ్ఞానం అవసరం. మోకాలిలోని ముఖ్యమైన స్నాయువు తెగుట పురుషులలో కంటె స్త్రీలలో అధికమని వైద్యులు నిర్ధారించారు. దానిని నివారించుటకు ‘ఫిఫా లెవెన్ ప్లస్’ అను ఇరవై నిమిషాల సన్నాహక వ్యాయామం తోడ్పడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 సంవత్సరాల వయస్సు గల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. రక్తపరీక్ష చేయించక పరుగెత్తించే శిక్షకుడు, విద్యార్థిని అలసటను సోమరితనంగా పొరబడే ప్రమాదం ఉన్నది.

దుస్తుల విషయం మన కళాశాల విద్యార్థినులకు ముఖ్యమైనది. తలకు వస్త్రం ధరించిన కారణంగా 2011లో ఇరాన్ మహిళా జట్టుకు ఒలింపిక్ అర్హత పోటీలో అవకాశం నిరాకరింపబడింది. ఆ నిషేధం తొలగి, 2014లో ఆట నియమావళి శిరోవస్త్రాన్ని అనుమతించింది. 2023 ప్రపంచ కప్పులో మొరాకో క్రీడాకారిణి నుహైలా బెంజినా హిజాబుతోనే ఆడింది. కనుక ఆటకు, ఆచారానికి పొత్తు కుదరదను వాదానికి నేడు నియమావళిలో ఆధారం లేదు.

మన ప్రాంతం, మన కర్తవ్యం

గచ్చిబౌలిలో 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయం, 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి. 1998లోనే హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియంలో 2024 సెప్టెంబరులో అంతర్జాతీయ పురుషుల ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి. ఈ పరిసరాలలోనే 2008లో పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ వెలిసింది. ఆయన శిక్షణలో సైనా నెహ్వాల్ 2012 ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016లో రజతం సాధించారు. స్థిరమైన గురువు, స్థిరమైన ఆటస్థలం ఉన్నచో మన ఆడపిల్లలు ఏమి సాధించగలరో చెప్పుటకు ఇంతకన్న దగ్గరి నిదర్శనం అక్కరలేదు.

ఫుట్‌బాల్‌లోను నిదర్శనం లేకపోలేదు. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య తొలుత పరుగు పందాలలో పాల్గొనేది. ఆమె వేగాన్ని గుర్తించిన స్థానిక శిక్షకుడు ఆమెను ఫుట్‌బాల్ వైపు మళ్ళించాడు. ఆమె భారత జట్టుకు ఆడింది; 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది; 2024–25 సంవత్సరానికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైనది. స్త్రీలు శిక్షకులుగా రాణించగలరనుటకు గోవాకు చెందిన మేమోల్ రాకీ ఉదాహరణ. పూర్వ క్రీడాకారిణియైన ఆమె 2017 నుండి 2021 వరకు భారత మహిళా జట్టుకు ప్రధాన శిక్షకురాలు. ఈనాటి మన క్రీడాకారిణికి రేపు ఇదియే జీవనోపాధి కాగలదు.

మన కళాశాలలలో సాధారణంగా ఒక్క ఫిజికల్ డైరెక్టరే ఖోఖో మొదలు క్రికెట్ వరకు అన్ని ఆటలనూ చూచుకొనవలసి వస్తున్నది. అంతర్ కళాశాల పోటీలకు కొద్ది రోజుల ముందు జట్టును కూర్చి, పోటీలు ముగియగానే విడిచిపెట్టుట పరిపాటి. మాధాపూరు, కొండాపూరులలో గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫులు ఉన్నవి. కాని రాత్రి ఎనిమిది గంటలకు దీపాల వెలుగులో మొదలయ్యే ఆటకు దూరపు బస్తీ విద్యార్థిని ఎట్లు రాగలదు? పాఠశాలలో ఆడిన బాలిక కళాశాలలో చేరగానే ఆట మానుటకు ఇటువంటి చిన్న కారణాలే చాలును.

కావున కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. మహిళా ఫుట్‌బాల్‌కు లైసెన్సు గల శిక్షకురాలిని లేక శిక్షకుని కనీసం ఐదు సంవత్సరాల కాలానికి నియమించవలెను. ఒక్క కళాశాలకు ఆ భారం మోయరానిదైతే, రెండు మూడు కళాశాలలు కలిసి వేతనాన్ని పంచుకొనవచ్చును. సాధన వేళను ఉదయం తరగతులకు ముందు నిర్ణయించి, రాకపోకలకు వాహనం ఏర్పాటు చేయవలెను. బంతులు, బూట్లు, పిక్కలకు రక్షణ పట్టీలు, ఒక హాజరు పుస్తకం – ఆరంభానికి ఇవి చాలును. గురువు లేని తరగతిని మనము తరగతి అని పిలువము. గురువు లేని ఆటస్థలాన్ని మాత్రము ఇంతకాలంగా ఆటస్థలమనియే పిలుస్తున్నాము.