కట్లపాము పేరున్న పడవ

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాను వశమైందని మీరు చదివే ఉంటారు. యుద్ధమనగానే మనకు పెద్ద ఓడలు, ఫిరంగులు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో మాత్రం సుమారు 21 మీటర్ల పొడవున్న ఒక చేపల పడవను గురించి తెలుసుకొందాం.

దాని మొదటి పేరు కోఫుకు మారు. జపానులో తయారైంది. 1941 డిసెంబరులో యుద్ధం మొదలవగానే మిత్రరాజ్యాలవారు దానిని స్వాధీనం చేసుకొన్నారు. బిల్ రేనాల్డ్స్ అనే ఆస్ట్రేలియా నావికుడు ఆ పడవలో వెయ్యిమందికి పైగా శరణార్థులను సుమత్రా వైపు చేరవేసి, తరువాత దానిని మన దేశానికి నడుపుకొని వచ్చాడు. బొంబాయి నుండి దానిని పెద్ద ఓడపై ఎక్కించి ఆస్ట్రేలియాకు పంపారు. దాని కొత్త పేరు 'క్రైట్'. క్రైట్ అంటే మన కట్లపామే. ఎందుకా పేరు పెట్టారో పల్లెల్లో పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

1943 సెప్టెంబరు 2న పద్నాలుగు మందితో క్రైట్ పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎక్స్‌మత్ అఖాతం నుండి బయలుదేరింది. నాయకుడు బ్రిటిష్ సైనికాధికారి ఐవన్ లయన్. శత్రువుల సముద్రంలో ఇంత నెమ్మదైన పడవ ఎలా వెళ్ళగలిగింది? అది జపాను పడవే కదా! పైన జపాను జెండా ఎగురవేశారు. మనుషులు ఒంటికి గోధుమరంగు పూసుకొని, లుంగీలు కట్టుకొన్నారు. దూరం నుండి చూస్తే మామూలు జాలరులే.

సింగపూర్ సమీపంలోని దీవుల దగ్గర ఆరుగురు దిగారు. ఇద్దరికొకటి చొప్పున మూడు మడత పడవలు. పగలు దీవుల్లో దాగి, రాత్రులు తెడ్లు వేస్తూ ముందుకు సాగారు. సెప్టెంబరు 26 రాత్రి రేవులోని ఓడలకు నీటి అడుగున అయస్కాంతాలతో అతుక్కొనే మందుపాతరలు తగిలించారు. తెల్లవారేలోగా అవి పేలాయి. ఏడు ఓడలు మునిగాయని లేదా దెబ్బతిన్నాయని వారు లెక్క వేసుకొన్నారు. తరువాతి పరిశోధకులు ఆరు అంటారు. అక్టోబరు 19న పద్నాలుగు మందీ క్షేమంగా తిరిగి వచ్చారు.

చాలా పుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. మీరు ఆగవద్దు. ఇది బయటి నుండి వచ్చినవారి పని అని జపాను సైనిక పోలీసులు ఊహించలేదు. ఊరివారినీ, జైలు శిబిరంలోని యూరోపియన్లనూ అనుమానించి, అక్టోబరు 10 నుండి 57 మందిని నిర్బంధించారు. చిత్రహింసలు పెట్టారు. పదిహేను మంది మరణించారు. ఎలిజబెత్ ఛాయ్ అనే ఉపాధ్యాయురాలిని సుమారు 200 రోజులు బంధించారు. ఆమెకు గాని, మిగిలినవారికి గాని ఈ దాడితో ఏ సంబంధమూ లేదు. చేసినవారు తమ పని రహస్యంగానే ఉంచారు.

1944లో లయన్ మరొక దళంతో మళ్ళీ వెళ్ళాడు. ఈసారి క్రైట్ వెళ్ళలేదు. ఆ 23 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. క్రైట్‌ను నేడు సిడ్నీలోని నౌకా ప్రదర్శనశాలలో చూడవచ్చు.

ఆలోచించి రాయండి: దాడి చేసింది తామేనని అప్పుడే ప్రకటించి ఉంటే సింగపూర్ ప్రజలకు మేలు జరిగేదా? మీ అభిప్రాయానికి రెండు కారణాలు చూపండి.