గుల్లయింటి చేప

ప్రతి సంవత్సరమును వేసవియందు ధవళేశ్వరము బ్యారేజి యొద్ద కాలువలను కట్టివేయగానే మన డెల్టా కాలువల అడుగు బయటపడును. అప్పుడు మన బాలురు గట్ల వెంబడి నడచుచు, ఎండిన బురదలో తెల్లబడి పడియున్న నత్తగుల్లలను కాలితో తన్నుచు పోవుటను మేము పలుమాఱులు చూచితిమి. లోపలి ప్రాణి చచ్చినది, గుల్ల వట్టిది, ఇక దానివలన నెవరికేమి ప్రయోజనమని వారి తలంపు. అట్టి వట్టి గుల్లనే యిల్లుగా జేసికొని, అందు గ్రుడ్లు పెట్టి, పిల్లలను బెంచుకొను చేపలు లోకమున గలవు. వానిని మేము రెండు సంవత్సరములుగా నింటియందు గాజుతొట్టిలో బెంచుచు, వాని ఛాయాచిత్రములు తీయ నభ్యసించుచున్నాము. అందు మేము నేర్చినదియు, మా తప్పువలన బోగొట్టుకొన్నదియు విద్యార్థుల కుపయోగపడునని తలంచి యీ పాఠమును వ్రాయుచున్నాము.

1. ఈ చేపల వంశము

ఈ చేపలు సిక్లిడు కుటుంబమునకు జేరినవి. ఈ కుటుంబమువారు ముఖ్యముగా ఆఫ్రికా, అమెరికా ఖండములందును, మడగాస్కరు ద్వీపమందును, దక్షిణ హిందూదేశమందును, శ్రీలంకయందును సహజముగా నివసించుచున్నారు. మన దేశమునకు సహజమైన జాతులు మూడు మాత్రమే. అందు పెద్దది, కొన్ని తావుల దువ్వెనచేప యనబడునది, ఉప్పునీరును మంచినీరును కలియు తావులయందు దొరకును. బ్లాకను జర్మను పండితుడు 1790 లో దీనికి శాస్త్రనామ మిడెను. మలయాళులు దీనిని కరిమీ నందురు. 2010 లో కేరళ ప్రభుత్వము దీనిని తమ రాష్ట్రపు చేపగా బ్రకటించెను. తల్లియు దండ్రియు గ్రుడ్లను, పిల్లలను గాచుట యీ చేప గుణము. చాల చేపలు గ్రుడ్లను నీటిలో విడిచి పోవును. ఈ కుటుంబమువారు విడువరు.

మా తొట్టిలోని చేపకు దెలుగున బేరు లేదు గనుక గుల్లచేప యని పిలుచుచున్నాము. దాని శాస్త్రనామము నియోలాంప్రోలోగస్ మల్టిఫాషియేటస్. అనగా పెక్కు చారలు గలదని యర్థము. బూలెంజరను శాస్త్రజ్ఞుడు 1906 లో దీనిని వర్ణించెను. దీని స్వస్థలము తూర్పు ఆఫ్రికాలోని టాంగనీకా సరస్సు. ఆ సరస్సు పొడవు 670 కిలోమీటర్లకు మించును. లోతు కొన్నిచోట్ల 1,470 మీటర్లు. దాని నీరు క్షారగుణము గలది, సున్నపు పాలు గలది. అందుచేత చచ్చిన నత్తల గుల్లలు కరగిపోక, అడుగున రాసులుగా నిలిచియుండును. దాగుటకు ఱాయియు మొక్కయు లేని యిసుకనేలలో నీ చిన్న చేపలకు గుల్లలే కోటలు.

ఆ సరస్సులోనే మఱియొక జాతి గలదు. దానియందు మగచేప గుల్లలను నోట గఱచుకొని తెచ్చి యొకచోట గూర్చును. ఆడుచేప యందు జొచ్చి గ్రుడ్లు పెట్టును. మగది సగటున ఆడుదానికంటె పండ్రెండు రెట్లకు మించిన బరువు గలదట! గుల్లను మోయుటకు మగది పెద్దది కావలెను. గుల్లలో దూఱుటకు ఆడుది చిన్నది కావలెను. పనికి దగిన శరీర మెట్లు గలుగునో యిందు జూడుడు.

2. తొట్టి యేర్పాటు

రెండడుగుల పొడవు గల తొట్టి చాలును. అడుగున రెండంగుళముల మందమున గోదావరి సన్నయిసుకను, నీరు తేటవడువఱకు గడిగి పఱవవలెను. ఈ చేప యిసుకను నోట దీసి యవతల నుమియుచు గుల్లను బూడ్చుకొనును. గులకఱాళ్లు వేసినచో దాని చేతిపని చెడును.

గుల్లలను మేము ఎండిన కాలువనుండియే యేఱితిమి. నోరు ముప్పాతిక యంగుళము మొదలొక యంగుళమువఱకు గలవాని నేర్చి, నీటిలో మరగించి, లోపలి మలినమును బోగొట్టి, వారము దినము లెండబెట్టితిమి. చేప యొక్కింటికి మూడేసి గుల్లలైన నుండవలెను. గుల్లమీద నొక బొట్టు పులికాడి వేసి చూడుడు; బుడగలు వచ్చును. గుల్ల కాల్షియం కార్బొనేటు గనుక ఆమ్లము తగులగానే బొగ్గుపులుసుగాలి వెడలును. టాంగనీకా నీటిలో గుల్లలేల నిలుచునో యీ చిన్న పరీక్షవలననే తెలియును.

ఈ చేపలకు గఠినజలము హితము. సబ్బు నురుగు రాని మా బావినీరే, వంటకు బనికిరాకున్నను, వానికి సరిపోయెను. కొళాయినీటిని వాడువారు క్లోరిను పోవువఱకు దానిని నిలువయుంచవలెను.

క్రొత్త తొట్టిలో వెంటనే చేపలను విడువరాదు. చేపల మలమునుండి పుట్టు అమ్మోనియా విషము. దానిని నైట్రైటుగాను, నైట్రేటుగాను మార్చు సూక్ష్మజీవులు వడపోత స్పాంజిలో వృద్ధిపొందుటకు నాలుగు మొదలాఱు వారములు పట్టును. ఆ మీదట వారమునకొకసారి తొట్టినీటిలో నాలుగవవంతు మార్చుచుండవలెను.

మన సీమలో గొప్ప గండము వేసవి. ఈ చేపలకు 24 మొదలు 27 డిగ్రీల వేడిమి తగును. నీరు వేడెక్కినకొలది దానిలో గఱగు ప్రాణవాయువు తగ్గును. ఆ సమయముననే విద్యుత్తు పోవుటయు గలదు. కావున తొట్టిని ఎండ దగులని గదిలో నుంచి, నీటిపై విసనకఱ్ఱగాలి పాఱునట్లు చేసి, బ్యాటరీతో నడచు గాలిపంపు నొకదానిని సిద్ధముగా నుంచుకొనవలెను.

3. ఛాయాచిత్రము

గొప్ప కెమెరా లేకున్నను చేతిఫోను చాలును. కాని కొన్ని నియమములు పాటింపవలెను. మొదట గాజును లోపలను వెలుపలను దుడువవలెను. గదిలోని దీపము లార్పి, తొట్టిపైనుండి మాత్రమే వెలుగు పడనీయవలెను; అప్పుడు గాజులో మన ముఖము ప్రతిఫలింపదు. ఫ్లాషు వేయరాదు, అది గాజుపై మెఱసి చిత్రమును జెఱచును, చేపను బెదరించును. ఫోనును గాజునకు సమముగా నిలుపవలెను. ఏటవాలుగా బట్టినచో వెలుగు నీటినుండి గాలిలోనికి వచ్చునప్పుడు వంగి, చేప రూపు చెదరును. నీటి వక్రీభవన గుణకము 1.33. అందుచేత గాజునకు 8 అంగుళముల వెనుక నున్న చేప, ఎదుటనుండి చూచువారికి 6 అంగుళముల దూరముననే యున్నట్లు తోచును. దృష్టిని చేప కంటిమీద నిలుపవలెను; కన్ను స్పష్టముగా నున్నచో మిగిలినది కొంచెము మసకయైనను చిత్రము జీవము గలదిగా నుండును.

వీనియన్నిటికంటె ముఖ్యమైనది ఓర్పు. మనము దగ్గఱకు రాగానే చేపలన్నియు గుల్లలలో జొచ్చును. కదలక కూర్చున్నచో కొంతసేపటికి మొదట రెండు కన్నులు, పిదప మూతి, పిదప చారల దేహము బయటికి వచ్చును.

4. మేము చేసిన తప్పు

మొదటి సంవత్సరము ఒక తల్లిచేప గుల్లలోనుండి పిల్లలు బయటికి వచ్చుట చూచితిమి. అవి ఆవగింజ కన్నుల వంటి కన్నులతో గుల్ల నోటివద్ద గుమిగూడెను. అయితే ఆ నోరు తొట్టి వెనుకవైపునకు దిరిగియుండెను. పత్రికకొక మంచి చిత్రము కావలెనను నాశచే మేము చేయి ముంచి, ఆ గుల్లను గాజువైపునకు ద్రిప్పితిమి. త్రిప్పుట యొక నిమిషపు పని. తల్లి బెదరి ప్రక్క గుల్లలోనికి బాఱెను; ఆ గుల్లవారు దానిని దఱిమిరి. పిల్లలు చెల్లాచెదరై పెద్దచేపల నోట బడెను. మఱునాడు వెదకగా నొక్కటియు గానరాలేదు. మాకు చిత్రమును దక్కలేదు.

ప్రాణులపై నరునకు సృష్టికర్త యిచ్చిన యధికారము కాపరి యధికారము గాని దోపిడికాని యధికారము గాదని మేము తరగతిలో నెన్నిసారులో బోధించితిమి. దానిని మేము నేర్చుకొన్నది ఆ దినమున. అటుపిమ్మట తొట్టిలో జేయి పెట్టి యేదియు గదల్పమని నియమము చేసికొంటిమి. రెండవ సంవత్సరము ఫోనును రెండు నిఘంటువులపై నిలిపి, పందొమ్మిది సాయంకాలములు వేచితిమి. ఇరువదియవ సాయంకాలము దొరకిన చిత్రమే యిప్పుడు మన విజ్ఞానశాస్త్రపు గదిలో వ్రేలాడుచున్నది. అందు తల్లి మొగము సగమే కనబడును, పిల్లలు మూడే. అయినను ఆ యింటిని మేము చెఱుపలేదు.

5. కాలువలో విడువరాదు

చేపలు మిక్కిలి పెరిగినప్పుడు ఒక విద్యార్థి, “అయ్యా, వీనిని మన కాలువలో విడిచెదము, స్వేచ్ఛగా బ్రదుకును” అనెను. అతని హృదయము మంచిది. ఆలోచన మాత్రము ప్రమాదకరము. తిలాపియాయు నీ సిక్లిడు కుటుంబపుదే. దానిని 1952 లో ఆహారమునకై ఆఫ్రికా జాతిగా మన దేశమునకు దెచ్చిరి. అది చెఱువులలోను జలాశయములలోను మితిమీఱి పెరిగి, దేశపు చేపల మేతకు బోటివచ్చెను. దక్షిణ అమెరికానుండి అలంకారమునకై వచ్చి, తొట్టులనుండి వెలుపల బడిన దయ్యపుచేప మన నీళ్లలో జొచ్చి, తన ముండ్లతో జాలరుల వలలను జింపుచున్నది. విడువబడిన చేప బ్రదుకకపోయినను, దానితో వచ్చిన వ్యాధి బ్రదుకవచ్చును.

గుల్లచేపకు గుల్ల యెట్లో, మన పరిగెకును, కొఱ్ఱమట్టకును గోదావరి కాలువ యట్లు. ఒకరి యింటిని మనము త్రిప్పి యెంత నష్టము జేసితిమో చెప్పితిమి గదా; అంతకు వేయిరెట్లు పెద్దదైన యింటిని కదల్పవచ్చునా? అదనపు చేపలను పెంచువారికే యిచ్చితిమి. ఆ విద్యార్థియే వానిని సంచులలో నీరు పోసి మోసికొనిపోయెను.

రాబోవు వేసవిలో గట్టువెంట నడచునప్పుడు ఒక వట్టిగుల్లను జేతికెత్తికొని చూడుడు. తన్నకుడు.

అభ్యాసము

1. టాంగనీకా సరస్సులో నత్తగుల్లలు రాసులుగా నిలిచియుండుటకు గారణమేమి?
2. క్రొత్త తొట్టిలో చేపలను వెంటనే ఏల విడువరాదు?
3. గాజునకు 12 అంగుళముల వెనుక నున్న చేప ఎదుటనుండి చూచువారికి ఎంత దూరమున నున్నట్లు తోచును?
4. మీ యూరి కాలువలోని దేశపు చేపల పేర్లు పదింటిని పెద్దల నడిగి వ్రాయుడు.