నారికురుపును ఊరు తరిమిన విధము



పైరుకు పురుగు పట్టినపుడు ఒక్క మడిలో మందు చల్లి ఊరకున్న ఫలము లేదని మీకు తెలియును. పొరుగు చేనిలో మిగిలిన పురుగు మరల మీ చేనికే వచ్చును. మనుష్యుల వ్యాధులలోను ఇట్టివి కొన్ని కలవు. వానిని ఏ ఇంటివారు ఆ ఇంటిలో నయము చేసికొనలేరు. ఊరంతయు ఒక్కటై, ప్రభుత్వ శాఖల తోడు తీసికొని పనిచేసిననే అవి తొలగును.

ఇందుకు మన కర్నూలు సీమయే సాక్ష్యము. సేద్యపు అదనున రైతును మంచమున పడవేసిన నారికురుపు ఒకప్పుడు ఈ సీమలో పాతుకొనియుండెను. నేడది మన దేశములో ఎక్కడను లేదు. ఈ వ్యాధికి టీకా లేదు, నయము చేయు మందును లేదు. అయినను పోయినది. అది పోయిన విధము తెలిసికొనుట నందికొట్కూరు ప్రాంతపు రైతులకు నేటికిని ఉపయోగించును.

వ్యాధి స్వరూపము

నారికురుపు ఒక పురుగు వలన కలుగును. పురుగు తెల్లగా, సన్నని దారమువలె, రెండు మూడు అడుగుల పొడవుండును. సాధారణముగా మోకాలి క్రింద గాని పాదమున గాని ఒక బొబ్బ లేచి నిప్పు తగిలినట్లు మండును. బొబ్బ పగిలిన పిమ్మట పురుగు కొన బయటపడును. దానిని చిన్న పుల్లకు చుట్టి, రోజునకు కొద్ది కొద్దిగా వెలికి తీయవలెను. తొందరపడి లాగినచో పురుగు తెగి, లోపల మిగిలిన భాగము చీము పట్టును. కీళ్లు బిగిసి జీవితాంతము కుంటివారైనవారును కలరు.

రోగి వారముల తరబడి, ఒక్కొక్కప్పుడు రెండు మూడు నెలలు నడవలేడు. ఒకమారు వచ్చినవారికి మరల రాదను నమ్మకమును లేదు. ఇది దిగుడుబావులున్న సీమలలో వేసవిలోనే హెచ్చుగా కనబడెడిది. రోహిణి కార్తెలో కాలు వాచి, మృగశిరలో వాన పడినపుడు గుంటక తోలువాడును, గొర్రు పట్టువాడును ఇంటిలో మూలుగుచుండిన ఆ యింటి ముంగారు పంట ఏమగునో మీరే ఊహింపవచ్చును. ఆఫ్రికాలోని మాలి దేశమున డోగన్ జాతి రైతులు దీనికి "ఖాళీ గాదెల జబ్బు" అని పేరు పెట్టిరి. ఆ పేరు మన సీమకును సరిపోయెడిదే.

పురుగు తిరుగు త్రోవ

కాలిమంట తాళలేక రోగి నీటిలో పాదము పెట్టును. నీరు తగిలినంతనే ఆడ పురుగు లక్షల కొలది పిల్లలను నీటిలోనికి విడుచును. నీటిలో సైక్లాప్స్ అను, చుక్కంత పరిమాణము గల ప్రాణి ఈ పిల్లలను తినును. దాని కడుపులో రెండు వారములకు అవి మనిషికి సోకు దశకు వచ్చును. ఆ నీటిని వడకట్టక త్రాగినవారి కడుపులోనికి అవి చేరి, లోపలనే పెరిగి, సుమారొక ఏడాదికి కాలి వెంట బయటికి వచ్చును.

ఇందులో రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, త్రాగిన నీటికిని లేచిన కురుపునకును నడుమ ఏడాది గడచుచున్నది. నిరుటి వేసవిలో త్రాగిన నీరే ఈ వేసవి కురుపునకు కారణమని రైతు తనంతట తాను పోల్చుకొనుట కష్టము. అందువలన పలువురు దీనిని కర్మమని సరిపెట్టుకొనిరి. రెండవది, ఊరిలో వందమంది జాగ్రత్తపడినను, ఒక్క రోగి బావిలో కాలు పెట్టిన చాలును, వచ్చు ఏటికి వ్యాధి మరల సిద్ధమగును.

ఎవరికి హెచ్చుగా వచ్చెను?

దిగుడుబావిలో మెట్లు దిగి, నీటిలో నిలిచి కడవ ముంచవలెను. చేదబావిలో త్రాడు వేసి పైనుండి తోడుకొందురు, నీటిలో కాలు పడదు. కనుక ఇంటి పెరటిలో చేదబావి గలవారికి ఈ భయము తక్కువ. దిగుడుబావి, కుంట, వంక నీరే గతియైన కూలివారికి, పొలముననే పగలంతయు గడపు సేద్యగాండ్రకు భయము ఎక్కువ. కులము పేరు చెప్పి కొందరిని మంచి బావి దరికి రానీయని ఊళ్లలో ఆ కుటుంబముల గతి మరియు కష్టము. వ్యాధి పురుగు ఎవరిని ఎంచుకొనదు. ఎవరికి ఏ నీరు దక్కెనో దానినిబట్టి వ్యాధియు దక్కెను.

అట్లని చేదబావి గల ఆసామి సుఖముగా ఉండెనా? కూలివారు కుంటుచుండిన అతని కోతయు ఆగెను. వాడవారి నష్టము ఊరివారి నష్టము కూడ అయ్యెను.

ఎవరెవరు ఏమి చేసిరి?

కర్నూలు వైద్య కళాశాల వైద్యులు మన జిల్లా గ్రామములలో ఈ వ్యాధిని పరిశీలించి వ్రాసిన వ్యాసము 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడినది. తరువాత 1983-84లో భారత ప్రభుత్వము జాతీయ నారికురుపు నిర్మూలన కార్యక్రమమును ప్రారంభించెను. 1984 లెక్కల ప్రకారము మన రాష్ట్రముతో కూడ 7 రాష్ట్రములలో, 89 జిల్లాలలో, 12,840 గ్రామములలో 39,792 మంది రోగులుండిరి.

పని ఇట్లు పంచుకొనబడెను.

1. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి తిరిగి రోగులను వెదకిరి. కురుపునకు కట్టు కట్టి, పురుగు పూర్తిగా వెడలువరకు నీటిలో దిగవద్దని నచ్చచెప్పిరి. సైక్లాప్స్‌ను చంపు టెమిఫాస్ మందును బావులలో తగిన మోతాదున వేసిరి.

2. నీటి సరఫరా ఇంజనీర్లు బండ నేలలో సైతము బోర్లు వేసి బోరింగులు బిగించిరి. 1981 నుండి 1990 వరకు ప్రపంచమంతటను జరిగిన త్రాగునీటి దశాబ్ది ఈ పనికి ఊతమయ్యెను.

3. పంచాయతీలు దిగుడుబావుల మెట్లు మూయించి, గట్టు కట్టించి, వానిని చేదబావులుగ మార్చుటకు సమ్మతించిరి. తాతల నాటి బావిని మార్చుటకు ఊరిని ఒప్పించుట ఏ ఇంజనీరునకును సాధ్యము కాదు. అది ఊరి పెద్దల పని.

4. ఉపాధ్యాయులు బడిలో పిల్లలకు ఈ పురుగు కథ చెప్పిరి. పిల్లలు ఇంటిలో చెప్పిరి.

5. స్త్రీలు కడవ మూతికి దళసరి గుడ్డ కట్టి నీరు వడకట్టిరి. ఈ పని ఒకనాటిది కాదు, ప్రతి దినము, ప్రతి కడవకును చేయవలసినది. కార్యక్రమమునంతను మోసినది ఈ చిన్న పనియే యనిన తప్పు లేదు.

వీరిలో ఏ ఒక్కరు తప్పుకొన్నను మిగిలినవారి శ్రమ వ్యర్థమయ్యెడిది. బోరింగు పాడైన నాడు జనము మరల దిగుడుబావికే పోవుదురు. గుడ్డ కట్టు అలవాటు లేనియెడల ఆ నాలుగు దినములే వ్యాధికి చాలును.

ఫలితము

మన దేశమున చివరి రోగి 1996 జులైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కనబడెను. ఆ పిమ్మటను వెదకుట మానలేదు. కొత్త రోగిని చూపినవారికి బహుమానము సైతము ప్రకటించిరి. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమును నారికురుపు లేని దేశముగ ధ్రువపరచెను. 1986లో ప్రపంచమున ఏటా సుమారు 35 లక్షల మందికి వచ్చుచుండిన ఈ వ్యాధి 2024లో 15 మందికి మాత్రమే వచ్చినది. ఆఫ్రికాలోని చాద్ వంటి దేశములలో కుక్కలకును ఇది సోకుచుండుటచే అచ్చటి పని ఇంకను ముగియలేదు.

ఒక హెచ్చరిక

బోరు నీటిలో సైక్లాప్స్ ఉండదు. కాని కొన్ని తావుల లోతు నీటిలో ఫ్లోరైడ్ ఉండును. పండ్లు గార పట్టుట, ఎముకలు వంకరపోవుట దాని గుణములు. తెలుగు సీమలో ఈ జబ్బు నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో 1937 నాటికే గుర్తింపబడెను. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చును. నీటిని కాచినను ఇది పోదు సరికదా, నీరు ఆవిరియైనకొలది దాని పాలు హెచ్చును. కనుక తేటగా, తియ్యగా ఉన్నదని నీటిని నమ్మరాదు. పరీక్షించి నమ్మవలెను.

నేడు మనము చేయవలసినది

2022 నుండి నందికొట్కూరు నంద్యాల జిల్లాలో ఉన్నది. ఈ ప్రాంతమున కె.సి. కాలువ పారు ఊళ్లును కలవు, వానను నమ్ముకొన్న మెట్ట ఊళ్లును కలవు. కాలువ రైతులకు ఒక సంగతి చెప్పనక్కరలేదు. తూము దగ్గర చేనికి నీరందుట గొప్ప కాదు. చివరి మడికి అందినపుడే కాలువ బాగున్నదని అర్థము. ఊరి ఆరోగ్యమును కూడ చివరి ఇంటి వద్ద నిలిచి కొలువవలెను.

చివరి ఇంటి పరీక్ష: ఊరి గొట్టపు నీరు చివరి వీధికి, వాడకు ఏ వేళకు, ఎంత ధారతో చేరుచున్నదో నెలకొకమారు పోయి చూడుడు. మురుగు కాలువలో మునిగిన గొట్టము, పగిలిన కొళాయి దిమ్మె కనబడిన పంచాయతీ కార్యదర్శికి వ్రాసియిండు.

నీటి పరీక్ష: 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ క్రింద ఊరికి ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పి, పరీక్షపెట్టె ఇచ్చు ఏర్పాటు కలదు. మీ ఊరిలో వారెవరో తెలిసికొనుడు. వానకు ముందును, వాన తరువాతను పరీక్ష చేయించి, ఫలితము నలుగురు చూచు గోడపై వ్రాయించుడు.

బావి శుద్ధి: గుడ్డ వడకట్టుట నారికురుపునకు చాలెను గాని, వాంతులు, విరేచనములు కలిగించు క్రిములు గుడ్డను దాటిపోవును. వానికి బ్లీచింగ్ పొడి వేయవలెను. గుండ్రని బావి వెడల్పును అదే సంఖ్యతో హెచ్చించి, దానిని నీటి లోతుతోను 3.14తోను హెచ్చించి, 4తో భాగించిన ఘనపు మీటర్లు వచ్చును. ఒక ఘనపు మీటరు 1,000 లీటర్లు. 1,000 లీటర్లకు మంచి బ్లీచింగ్ పొడి 2.5 గ్రాములు చాలును. ఉదాహరణకు, 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల నీరు గల బావిలో సుమారు 14,130 లీటర్లుండును. దానికి 35 గ్రాములు కావలెను. పొడిని బకెట్టులో కొద్ది నీటితో ముద్దగా కలిపి, నీరు పోసి, పది నిమిషములు తేర్చవలెను. పైతేటను మాత్రము వేరొక బకెట్టులో పోసి, త్రాడుతో బావి నీటిలోనికి దించి, పైకి క్రిందికి ఆడించి కలుపవలెను. అడుగున మిగిలిన సున్నపు మడ్డిని బావిలో వేయరాదు. రాత్రివేళ ఈ పని చేసి, తెల్లవారి నీరు తోడుట మేలు. తక్కువ పక్షము ఒక గంట ఆగవలెను. వాసన వచ్చుచున్నదని కొందరు విసుగుకొందురు. ఆ కొద్ది వాసనయే మందు పనిచేయుచున్నదనుటకు గుర్తు.

పొలములో నీరు: కూలివారు పంటకుంటలోని నీరు, కాలువ నీరు త్రాగుచుండిన ఆ తప్పు ఆసామిది. విత్తనము, ఎరువు బండికెక్కించునపుడే మూత గల క్యానులో మంచి నీటిని కూడ ఎక్కించవలెను. పురుగు మందు డబ్బాలను బావి గట్టున, కుంటలో కడుగరాదు. ఆ డబ్బాలలో నీరు తేరాదు.

సంఘము కూడుట: గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము పేరునకు చాల ఊళ్లలో కలదు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, బడిపంతులు, పొదుపు సంఘపు స్త్రీలు, ఇద్దరు రైతులు నెలకొకమారు కూర్చుండి మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ నెలలో ఎవరికి విరేచనములయ్యెను? వారు ఏ నీరు త్రాగిరి? ఆ నీటికి మనమేమి చేసితిమి? జవాబులను ఒక పుస్తకమున వ్రాయుడు. పది నెలల పుస్తకము చూచినచో ఏ వీధికి ముందుగా పని చేయవలెనో దానంతట అదే తెలియును.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అను సామెత మనకు కలదు. నారికురుపు విషయమున ఒక్క ఉలిపికట్టె చాలును, ఊరి శ్రమయంతయు నీటి పాలగుటకు. మన సీమవారు ఆనాడు ఆ ఒక్కనిని తిట్టి ఊరకుండలేదు. అతని ఇంటికి పోయి, కాలికి కట్టు కట్టి, నీరు తెచ్చియిచ్చి తమ దారికి తెచ్చుకొనిరి. వచ్చు ముంగారు వానలకు ముందుగానే మీ ఊరి చివరి ఇంటికి ఒకమారు నడచిపోయి, ఆ ఇంటివారు త్రాగు నీటిని చూచి రండు. పని అచ్చటినుండి ప్రారంభింపవచ్చును.