ముందు ఆ బటన్ చూడండి

సెట్టు మూగబోయింది. డయల్ వెనక దీపాలు వెలుగుతున్నాయి, స్పీకర్లలో మాత్రం చప్పుడు లేదు. ఇంకేం, ఇంట్లో తలా ఒక తీర్పు ఇచ్చేస్తారు. ఐసీ పోయిందని ఒకరు, కాలం చెల్లిందని ఒకరు, తూకానికి వేసెయ్యమని మరొకరు. 1970ల నాటి స్టీరియో రిసీవర్ల విషయంలో ఈ తీర్పులు తరచూ తప్పుతాయి. ముందు ప్యానెల్ మీద 'టేప్ మానిటర్' అనే బటన్ ఉంటుంది. దుమ్ము తుడిచేటప్పుడు అది నొక్కుకుపోతే సెట్టు రేడియోనీ రికార్డునీ వదిలేసి, వెనకాల ఎవరూ తగిలించని టేప్‌రికార్డర్ పలకాలని కాచుకుని ఉంటుంది. బటన్ యథాస్థానానికి తెస్తే పాట వస్తుంది. ఖర్చు సున్నా.

రిపేరు బల్ల దగ్గర నేర్చుకోదగ్గ అలవాటు ఒకటుంది: లోపం ఎక్కడుందో తేలేదాకా దేన్నీ మార్చకూడదు. గజపతినగరంలాంటి చోట ఇది మరీ అవసరం. గల్ఫ్ నుంచి ఎవరో మోసుకొచ్చిన జపాన్ సెట్టులో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోతే పక్క వీధిలో దొరకదు. విజయనగరమో విశాఖపట్నమో వెళ్లాలి. అక్కడా అసలు నంబరు లేకపోతే సరిపడే మరో నంబరు వెతకాలి. ఊహ మీద పార్టులు మార్చేవాడు బాగుచేసేది బస్సుల ఆదాయాన్నే.

ఎడమ స్పీకరు పలకడం లేదనుకోండి. సెట్టు ఆపి, దాని వెనక రెండు స్పీకర్ల వైర్లు అటుదిటు, ఇటుదటు తగిలించండి. అయినా ఎడమ స్పీకరే మూగగా ఉంటే తప్పు దానిదో దాని వైరుదో. ఈసారి కుడిది మూగబోతే స్పీకర్లు నిర్దోషులు. వైర్లు ఎప్పటిలా పెట్టేసి, ఇప్పుడు ప్లేయర్ నుంచి వచ్చే ఇన్‌పుట్ వైర్లు అటుదిటు మార్చండి. మౌనం రెండో పక్కకి జరిగితే లోపం ప్లేయర్‌లోనో ఆ వైరులోనో ఉంది; జరగకపోతే రిసీవర్ లోపలే. ఒక్క స్క్రూ విప్పలేదు, అనుమానాలు చాలావరకు తీరిపోయాయి. షరతు ఒకటే: ఒకసారికి ఒక్క మార్పు.

గ్రూప్స్ తప్పిన కుర్రాళ్లు ఈ షరతునే మరిచిపోతారు. కోచింగ్, పుస్తకాలు, గది, చదివే వేళ అన్నీ ఒకే వారంలో మార్చేస్తారు. మార్కులు పెరిగినా ఎందుకు పెరిగాయో తెలియదు, తగ్గితే అసలే తెలియదు. పాత జవాబు పత్రం ముందేసుకుని ఏ సబ్జెక్టులో, ఏ రకం ప్రశ్నలో మార్కులు పోతున్నాయో చూసుకున్నవాడికి మార్చాల్సింది ఒకటో రెండో కనిపిస్తాయి.

సెట్టుని పరీక్షించడానికి ఏ పాట పెట్టాలంటారా? విజయనగరంలో పుట్టిన పి.సుశీల 1960లలో పాడిన సినిమా పాట ఏదైనా సరే, తర్వాతెప్పుడో స్టీరియోగా మార్చిన కాపీ కాకుండా చూసుకోండి. అప్పటి మన సినిమా పాటలు మోనో, రెండు పక్కలా ఒకే శబ్దం. సెట్టు బాగుంటే ఆ గొంతు సరిగ్గా నడిమధ్య నిలబడుతుంది. బ్యాలెన్స్ నాబ్ మధ్యలోనే ఉన్నా గొంతు పక్కకి జరిగిందంటే ఒక చానల్ నీరసించినట్టే. వాయిద్యాలు అటూ ఇటూ పంచిన కొత్త పాటతో ఈ సంగతి తేలదు.

శబ్దాలు కూడా చాలా చెబుతాయి. వాల్యూమ్ తిప్పుతుంటే గరగరలాడితే లోపలి ట్రాక్ మీద మురికి. మెకానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ తిప్పితే చాలావరకు పోతుంది. వాల్యూమ్ తగ్గించినా తగ్గని 'బుయ్' అయితే ఫిల్టర్ కెపాసిటర్లని అనుమానించాలి. మూత మీద తడితే వచ్చి పోయేది డ్రై సోల్డర్ కావచ్చు.

ఇక రిలే. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. చాలా సెట్లలో పవర్ వేసిన కొద్ది సెకన్లకి లోపల 'టిక్' మంటుంది. అప్పుడే స్పీకర్లకి దారి తెరుచుకుంటుంది. అవుట్‌పుట్‌లో డీసీ కరెంటు కనిపిస్తే రిలే ఆ దారి తెరవదు. దాన్నే దోషిగా లెక్కగట్టి, వైరు ముక్కతో షార్ట్ చేసేవాళ్లున్నారు. సెట్టు పలుకుతుందో లేదో గానీ, స్పీకర్ కాయిల్ కాలిపోతుంది. కొట్టులో ఇంక అరువులు ఇవ్వొద్దని అడ్డుపడే గుమాస్తాని మొండివాడని పంపేసే యజమాని చేసేదీ అదే. అడ్డుపడే మనిషిని తప్పించేముందు అతను ఏం చూసి అడ్డుపడుతున్నాడో కనుక్కోండి. రిలే కూడా పాడవుతుంది, నిజమే. అది మీటరు పెట్టి తేల్చాల్సిన మాట.

అనుమానమున్న సెట్టుకి మంచి మెకానిక్ నేరుగా కరెంటు ఇవ్వడు. వంద వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బుని సిరీస్‌లో పెడతాడు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచి లక్షణం, భగ్గున వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్. దీనికి జీవితంలో సాటి ఏమిటో మీరే వెతుక్కోండి.

"సెట్టు పోనాది బాబూ, ఆంప్లిఫయర్ మార్సెయ్" అంటే, "పోనాదని ఎవులు సెప్పినారు?" అని అడిగే మెకానిక్ దగ్గరికే వెళ్లండి. మీరూ తీర్పు పట్టుకెళ్లకండి, చూసింది చూసినట్టు చెప్పండి: ఏ పక్క పోయింది, వేడెక్కాక పోయిందా, టిక్ వినబడిందా. డాక్టరు దగ్గరా, పై అధికారి దగ్గరా ఇలా మాట్లాడేవాళ్ల పని త్వరగా అవుతుంది. మూత మాత్రం మీరు విప్పకండి. ప్లగ్ తీశాక కూడా పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

మీ అటక మీదా అలాంటి సెట్టు ఉంటే దించండి. ప్లగ్ పెట్టేముందు వెనక ప్యానెల్ చదవండి. 100 వోల్టులని ఉంటే జపాన్‌కి, 120 అని ఉంటే అమెరికాకి చేసింది. వోల్టేజ్ మార్చే ఏర్పాటు లేకపోతే, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దాన్ని మన 230కి తగిలించకండి.