పాతకారునకు స్టీరింగు సామాను: క్రొత్తదియా, విప్పి తెచ్చినదియా?

మోటారుకారునందు ఇంజను చెడినచో బండి దారిలో నిలిచిపోవును. ప్రయాణికులు విసుగుకొందురు, అంతియే. కాలిబ్రేకు చెడినచో చేతిబ్రేకు కొంత యాదుకొనును. స్టీరింగునకు మాత్రము అట్టి రెండవ యాధారము లేదు. చోదకుని చేతినుండి ముందుచక్రముల వఱకు బలము పోవు త్రోవ యొక్కటియే. అందలి యే కీలు ఊడినను బండి చోదకుని అదుపు తప్పవచ్చును. కావున "ఈ సామాను క్రొత్తది కొనవలెనా, పాతబండినుండి విప్పినది చాలునా?" యను ప్రశ్న డబ్బుతో మాత్రమే ముడిపడినది కాదు. యంత్రములయందు అభిరుచిగల పైతరగతుల విద్యార్థులకును, పాతకారులను పోషించుచున్న తల్లిదండ్రులకును ఉపయోగించునని యీ విషయమును ఇచ్చట వ్రాయుచున్నాము.

ఉదాహరణమునకు అంబాసిడరును తీసికొందము. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు ననుసరించి హిందూస్థాన్ మోటార్సువారు దీనిని కలకత్తా సమీపమున ఉత్తరపారాలో 1957 మొదలు నిర్మించిరి. 2014లో నిర్మాణము ఆగిపోయెను. కర్మాగారము నిలిచినంతమాత్రమున ఇండ్లలోని బండ్లు నిలిచిపోలేదు గదా! మనదేశమున స్వంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. పిమ్మట బండి యోగ్యమని పరీక్షలో తేలిననే దానిని పొడిగింతురు. కాబట్టి స్టీరింగును చక్కగా నుంచుకొనుట చట్టరీత్యా కూడ అవసరమే.

ఈ కారు స్టీరింగు ర్యాకు-పినియను పద్ధతికి చెందినది. చోదకుడు త్రిప్పు చక్రమునుండి దిగివచ్చు కడ్డీ చివర చిన్న పండ్లచక్రము, అనగా పినియను, ఉండును. అది బండికి అడ్డముగా నమర్చిన పండ్లకడ్డీని, అనగా ర్యాకును, కుడియెడమలకు జరుపును. ర్యాకు రెండు కొనలనుండి టై రాడ్డులు బయలుదేరి, బాల్ జాయింటుల మూలమున, చక్రములకు బిగించిన స్టీరింగు చేతులను లాగుచు త్రోయుచు నుండును. బాల్ జాయింటనగా గిన్నెలో నమరిన గుండు. మన భుజము కీలువలె అది అన్నివైపులకు మెదలును. మలుపునందు లోపలిచక్రము చిన్నవృత్తమున పోవును గనుక బయటిచక్రముకంటె ఎక్కువగా తిరుగవలెను. ఈ యేర్పాటును మ్యూనిక్కు నగరపు బండ్లనిర్మాత లాంకెన్‌స్పెర్గరు గుర్రపుబండ్ల కొఱకు కనిపెట్టగా, ఆయన పక్షమున ఆకర్మను 1818లో ఇంగ్లండునందు పేటెంటు పొందెను. పేరు మాత్రము పేటెంటు తెచ్చినవానికే నిలిచినది! స్టీరింగుచేయి రవంత వంగినను ఈ కొలత చెడి టైరులు రోడ్డును రాచుకొని త్వరగా అరిగిపోవును.

సామాను కొనుటకు ముందు ఏది చెడినదో తెలిసికొనవలెను. ఒకరు కారులో కూర్చుండి స్టీరింగుచక్రమును కొంచెము కొంచెముగా కుడియెడమలకు కదపుచుండగా, వేఱొకరు ఒక్కొక్క కీలుపై చేయివేసి చూడవలెను. వదులైన కీలు చేతికి టక్కుమని తగులును. ముందుచక్రమును జాకీపై నెత్తి, దిగువ దిమ్మ పెట్టి, టైరును ఇరుప్రక్కల పట్టి ఊపినప్పుడు ఆట కనబడినచో తఱచుగా దోషము టై రాడ్డు కీళ్లది. పైన క్రింద పట్టి ఊపినప్పుడు కనబడినచో బేరింగునో, చక్రము తిరుగు కీలునో అనుమానింపవలెను. ఈ పరీక్ష చేయకయే ర్యాకు మొత్తము మార్పించి డబ్బు పోగొట్టుకొనువారు పెక్కుమంది.

ఇక ఎన్నికమాట. కంటితోను చేతితోను పరీక్షింపగల భాగమును పాతది కొనవచ్చును. లోపము లోపల దాగు భాగమును కొనరాదు. ఇదియే మేము పాటించు నియమము. స్టీరింగుచక్రము, దాని కడ్డీతొడుగు, ర్యాకును పట్టియుంచు బిగింపులు మొదలగునవి వంకర, పగులు లేనిచో విప్పి తెచ్చినవైనను చక్కగా పనిచేయును. బాల్ జాయింటులు అట్లు గావు. గుండు, గిన్నె యెంత అరిగినవో మూతవేసిన కీలును చూచి యెవరును చెప్పజాలరు. అవి క్రొత్తవే కావలెను. రబ్బరు బూట్లును, నట్టులను కాపాడు స్ప్లిట్ పిన్నులును ఎల్లప్పుడు క్రొత్తవే. కొద్దిపాటి వెలగల పిన్నును మఱల వంచి వాడుట పొదుపు కాదు.

ర్యాకు విషయము మధ్యస్థము. బండి యెక్కువకాలము తిన్నగా పోవును గనుక దాని నడిమిపండ్లే ఎక్కువగా అరుగును. పాత ర్యాకును బల్లపై నుంచి ఒక కొననుండి రెండవ కొనవఱకు మెల్లగా త్రిప్పిచూడుడు. నడుమ వదులుగను, కొనలయందు బిగువుగను ఉన్నచో దానిని వదలివేయుడు. నడిమి వదులు పోవునట్లు బిగించినచో పూర్తిగా మలుపు త్రిప్పినప్పుడు పట్టివేయును. ఆ దోషమునకు సర్దుబాటు లేదు.

స్టీరింగుచేతులను, టై రాడ్డులను పాతవి కొనవలసివచ్చినచో ముందుభాగము గుద్దుకొన్న బండివి కొనకుడు. వంగిన యినుమును కాల్చి, సుత్తెతో తిన్నగా చేసి అమ్ముట కలదు. ఉక్కునకు కర్మాగారమున నిచ్చిన గట్టిదనము ఆ కాల్చుటతో చెడును. నీలివన్నె, సుత్తెదెబ్బలు, వెల్డింగు గుర్తులు, తాజాగా పూసిన నల్లరంగు కనబడినచో అనుమానింపుడు. సన్నని పగులు కనిపెట్టుటకు రైలు కర్మాగారములలో పూర్వమునుండి వాడిన సులభోపాయమొకటి కలదు. భాగమును శుభ్రపఱచి కిరసనాయిలులో నానబెట్టి, బాగుగా తుడిచి, సుద్దపొడి పూసి కొంతసేపు ఉంచవలెను. పగులులో దాగిన నూనె పైకి వచ్చి సుద్దపై నల్లని గీతవలె కనబడును. మన ప్రయోగశాలలో సైతము దీనిని చేసి చూడవచ్చును. అయితే గీత కనబడనంతమాత్రమున భాగము నిర్దోషమని చెప్పరాదు. అతిసూక్ష్మమైన పగుళ్లు ఈ పరీక్షకు చిక్కవు.

క్రొత్తదన్న ప్రతిదియు మంచిదని భ్రమింపరాదు. మూలనిర్మాతల పేరుతో ముద్రవేసిన నకిలీసామాను బజారున కలదు. ఏండ్ల తరబడి దుకాణపు అటకపై పడియున్న కీలు డబ్బాలో మెఱయుచున్నను, దాని గ్రీజు గట్టిపడి, రబ్బరు బీటలువాఱి యుండవచ్చును. బూటును వ్రేళ్లతో సాగదీసి చూడుడు. కీలు తోకను వంచినప్పుడు అన్నివైపుల ఒకేవిధమైన బిగువు ఉండవలెను. గరుకుగానో, మఱీ తేలికగానో కదలినచో తిరిగి యిచ్చివేయుడు.

విజయవాడ ఆటోనగరమునకు గాని, చెన్నపట్టణపు పుదుపేటకు గాని పోవునప్పుడు పాతభాగమును వెంట తీసికొనిపోవుట మంచిది. అంబాసిడరు పైరూపము దశాబ్దముల తరబడి అంతగా మాఱకపోయినను, మార్క్ భేదములనుబట్టి లోపలిసామాను మాఱియుండవచ్చును. పొడవును, మరచుట్లను ప్రక్కప్రక్కన నుంచి పోల్చుడు. దొంగబండి సామాను చేతికి రాకుండుటకై రశీదు అడుగుడు. 2021 నిబంధనల ననుసరించి రిజిస్టరైన తుక్కుకేంద్రములలో విడదీసిన బండిసామానైనచో దాని పుట్టుక తెలిసికొనుట సులభము.

పాత కీలును విప్పుటకు ముందు ఎన్ని మరచుట్లు బయట కనబడుచున్నవో లెక్కించి వ్రాసికొని, క్రొత్తదానిని అంతవఱకే బిగించినచో చక్రముల వరుస చాలవఱకు నిలుచును. అయినను కొలపరికరములపై వరుస సరిచూపించి, కొన్నిదినములు నడిపిన పిమ్మట నట్టులన్నిటిని మఱియొకసారి పరీక్షింపవలెను.