గుంటగలగర: ఒక మొక్క, పలు పేర్లు

వరిచేల గట్లమీద, కాలువల ఒడ్డున, నీరు తీసిన చెరువు బురదలో గుంటగలగరను చూడనివారు అరుదు. చూచి గుర్తుపట్టేవారు అంతకంటె అరుదు. ఇది చామంతి కుటుంబానికి చెందిన ఏకవార్షిక మొక్క. కాడ, ఆకులు గరుకుగా ఉంటాయి. ఆకులు జంటలుగా ఎదురెదురుగా పుడతాయి.

తెల్లగా, గుండీ అంత కనిపించేది నిజానికి ఒక పువ్వు కాదు. అనేక పుష్పకాల గుంపు. అంచున సన్నని రేకులవలె ఉన్నవి స్త్రీ పుష్పకాలు, నడుమ ఉన్నవి ద్విలింగ పుష్పకాలు. గడ్డిచామంతి గింజకు ఉండే కేశగుచ్ఛం దీని గింజకు లేదు. ‘ఎక్లిప్టా’ అనే శాస్త్రనామానికి మూలమైన గ్రీకు పదం ఈ కొరతనే సూచిస్తున్నది. గాలిలో తేలలేని ఆ గింజ నీటితో, బురదతో ప్రయాణిస్తుంది.

లిన్నేయస్ 1753లో దీనిని వేరొక ప్రజాతిలో చేర్చి, 1771లో ఎక్లిప్టాను ఏర్పరచాడు. ఎక్లిప్టా ప్రోస్ట్రేటా, ఎక్లిప్టా ఆల్బా అని గ్రంథాలలో కనిపించేవి రెండూ ఈ మొక్కవే.

దేశభాషలలోని పేర్లు మరింత ఆసక్తికరం. సంస్కృతంలో భృంగరాజం, మార్కవం, కేశరాజం. హిందీ ‘భాంగ్రా’లో మొదటిదాని ఛాయ, మరాఠీ ‘మాకా’లో రెండవదాని ఛాయ కనిపిస్తాయి. తమిళులు కరిసలాంకణ్ణి అంటారు. కన్నడ ‘గరుగ’ మన గలగరకు చుట్టమేమో అనిపిస్తుంది.

అయితే పేరును నమ్మి మొక్కను కోయరాదు. తెలుగులోనే కొందరు దీనిని గుంటగలిజేరు అంటారు. గలిజేరు ఈ కుటుంబానిదే కాదు. పసుపుపచ్చని పూలు పూచే వెడీలియాను కూడ పలుచోట్ల భృంగరాజమనే వ్యవహరిస్తారు. తమిళంలో అది ‘మంజల్’ కరిసలాంకణ్ణి. మద్రాసులో టి.ఆర్. గోవిందాచారి, ఆయన సహచరులు ఆ పసుపుపూల మొక్కనుండి తీసిన వెడెలోలాక్టోన్ అనే పదార్థపు నిర్మాణాన్ని 1956లో ప్రకటించారు. అదే పదార్థం గుంటగలగరలోనూ ఉన్నది. పేరు కలవడం పూర్తిగా అకారణం కాదన్నమాట! అయినా మొక్కలు వేరు, ఒకదాని బదులు మరొకటి వాడితే మందు అదే అనలేము.

గుంటగలగరను పోల్చుకోవడానికి తెల్లని పూలతోపాటు మరొక గుర్తు చూడాలి. లేతకాడను వేళ్ళతో నలిపి కొంతసేపు ఆగితే ఆ రసం నల్లబడుతుంది. జుట్టు నలుపుకు ఈ ఆకు రసాన్ని నూనెలో కాచే అలవాటు వెనుక ఈ నలుపే ఉన్నదేమో. వరిరైతుకు మాత్రం ఇది ఇప్పటికీ పీకివేయవలసిన కలుపే.