నెమలికంఠానికి హెక్స్ కోడ్ ఉందా?

పెళ్లికి రంగులు ఎంచుకోవడం అంటే ఇప్పుడు ఫోన్‌లో ఒక ప్యాలెట్, అందులో అయిదు హెక్స్ కోడ్‌లు. ఒక కోడ్‌కి 24 బిట్లు, అంటే మొత్తం 1,67,77,216 రంగులు. ఇన్ని ఉన్నా నెమలికంఠం రంగు అందులో దొరకదు. ఎందుకంటే ఆ పట్టుచీరలో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. చీర కదిలితే ఒకసారి నీలం, ఒకసారి ఆకుపచ్చ. కోడ్ మాత్రం ఒక్క రంగే చెప్తుంది.

అందుకే మా అక్క పెళ్లికి నేను పాటిస్తున్న పద్ధతి ఇది.

1. ముందు మారని రంగులు రాసుకోవాలి: మధుపర్కాల తెలుపు, వాటి ఎర్ర అంచు, తలంబ్రాల పసుపు, మామిడి తోరణాల ఆకుపచ్చ. ప్యాలెట్ సగం ఇక్కడే అయిపోయింది.

2. వీటి మధ్య నిలబడే రంగు ఒక్కటి చాలు. ఉదాహరణకి వంకాయ రంగు. చిత్రకారుల రంగుల చక్రంలో పసుపుకి ఎదురుగా ఉండేది ఊదానే, అందుకే పక్కపక్కన రెండూ బాగా తేలతాయి.

3. గుడ్డముక్కని పగటి వెలుగులోనూ, మండపం లైట్ల కిందా చూడాలి. పచ్చటి లైటు కింద నీలం మసకబారుతుంది.

4. రంగుని పేరుతో చెప్పాలి. మా నాయనమ్మ ఉల్లిపొట్టు రంగు, మెంతి రంగు, గచ్చకాయ రంగు అంటుంది. మొదటి రెండింటికీ శాంపిల్ ప్రతి వంటింట్లో ఉంటుంది. గచ్చకాయ ఎలా ఉంటుందో నేను ఆవిడని అడిగి తెలుసుకున్నా. మనం అడగకపోతే ఆ పేర్లు వాళ్లతోనే ఆగిపోతాయి.

మీ ఇంట్లో వినిపించే రంగు పేరు ఒకటి మన క్లబ్‌కి రాసి పంపండి.